హెడ్‌సెట్ ఎక్కడ విరుగుతుందో కూడా రాయండి

సంపాదకులకు నమస్కారములు.

పండుగ అమ్మకాల సందర్భంగా మీ పత్రికలో గేమింగ్ హెడ్‌సెట్ల గురించి వచ్చిన వ్యాసాన్ని నేనూ, ప్లస్ టూ చదువుతున్న మా మనవడూ పక్కపక్కన కూర్చొని చదివాము. ఏ రకానికి ఎన్ని రంగుల దీపాలు వెలుగుతాయో, ఏది ఎంత తగ్గింపు ధరకు వస్తుందో, దేనిలో 50 మిల్లీమీటర్ల స్పీకరు ఉన్నదో వివరంగా ఇచ్చారు. వాటిలో ఏది ఏడాది తరువాత కూడా పనిచేస్తుందన్న ముక్క మాత్రం ఎక్కడా కనిపించలేదు. వాడు పత్రిక మడిచి పక్కన పెట్టి, "తాతా, మనకు కావలసింది తప్ప ఇందులో అన్నీ ఉన్నాయి" అన్నాడు. ఏడాదిన్నరలో మూడు హెడ్‌సెట్లను అటక ఎక్కించిన ఇల్లు మాది కనుక ఆ మాటను కొట్టివేయలేకపోయాను.

నేను టెలిఫోన్ శాఖలో కేబుల్ జాయింటరుగా 31 సంవత్సరాలు పనిచేసి, పదవీ విరమణ తరువాత ఆంధ్ర సరిహద్దును ఆనుకొని ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలోనే స్థిరపడినవాడిని. నేలలో గొయ్యి తీసి, గొడుగు కింద కూర్చొని, వెంట్రుకల వంటి రాగి తీగలను జతజతలుగా కలపడమే నా ఉద్యోగమంతా. ఆ అలవాటు పోక, పాడైన ప్రతి హెడ్‌సెట్‌నూ బల్ల మీద పెట్టి విప్పి చూశాను. ఆటలనగానే పందేలని భయపడే పెద్దలకు ఒక్క మాట. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆటలను నిషేధిస్తూనే ఈ-స్పోర్ట్స్‌ను, అంటే పోటీలుగా జరిగే వీడియో ఆటలను, గుర్తించింది. మా వాడు రాత్రి ఒక గంట శ్రీకాకుళంలో ఉన్న పెదనాన్న పిల్లలతోనూ, బరంపురంలో ఉన్న మేనత్త కొడుకుతోనూ జట్టు కట్టి ఆడేది పైసా పందెం లేని ఆట. ఆ గంటలో వారు ఒకరినొకరు పిలుచుకోవడానికే ఈ హెడ్‌సెట్.

మొదటిది 899 రూపాయలది, మూడు నెలలు పనిచేసింది. ఒక చెవిలో శబ్దం వస్తూ పోతూ ఉండేది. తీగను పిన్ను దగ్గర వేలితో వంచి పట్టుకుంటే వచ్చేది, వదిలితే పోయేది. ఇది ఎక్కడ తెగిందో చెప్పడానికి జాయింటరు అక్కరలేదు. తీగ పిన్నులోనికి ప్రవేశించే ఆ మెడ దగ్గరే నూటికి తొంభై లోపాలూ ఉంటాయని నా అనుభవం. రాగి తీగను ఒకే చోట పదేపదే వంచితే అది గట్టిపడి, పెళుసై, చివరికి తెగుతుంది. మంచి తయారీదారు ఆ మెడకు మెత్తని, పొడవైన రబ్బరు తొడుగు వేసి వంపును నాలుగైదు సెంటీమీటర్ల మేర పంచుతాడు. మేము కొన్నదానికి గట్టి ప్లాస్టిక్ ముక్క ఒకటి తొడిగారు. వంపు అంతా ఆ ముక్క అంచున, ఒకే బిందువు దగ్గర పడింది.

తెగిన చోట కత్తిరించి కొత్త పిన్ను వేయించుదామని బజారులో మొబైల్ రిపేరు చేసే కుర్రవాడి దగ్గరకు తీసుకువెళ్ళాను. పనిమంతుడే, అయినా టంకం అంటలేదు. తొడుగు ఒలిచి చూస్తే ఒక్కొక్క తీగలో ఎర్రగా, ఆకుపచ్చగా, రాగి రంగులో సన్నని పోగులు, వాటి మధ్య బలం కోసం నైలాను దారం కనిపించాయి. ఆ ఎరుపూ ఆకుపచ్చా అందానికి పెట్టినవి కావు; మోటారు చుట్టే తీగకు ఉండే ఎనామిల్ పూత వంటిదే అది. ఆ పూత కాలిపోతే తప్ప టంకం పట్టదు. సోల్డరింగ్ కాడ కొన మీద టంకపు బొట్టు నిలిపి, పోగుల చివరను అందులో కొన్ని క్షణాలు ముంచి ఉంచాను. సన్నని పొగ లేచి, పోగు చివర వెండిలా మెరిసిన తరువాతే జాయింటు నిలిచింది. మైకు ఉన్న పిన్నుకు మూడు నల్లని వలయాలు ఉంటాయి, వాటి వల్ల నాలుగు భాగాలు ఏర్పడతాయి: కొసన ఎడమ చెవి, తరువాత కుడి చెవి, ఆ తరువాత ఎర్తు, అడుగున మైకు. ఈ వరుస తప్పితే మైకు మూగబోతుంది. కుర్రవాడు ఇదంతా తన ఫోనులో వీడియో తీసుకున్నాడు. అయితే ఆ జాయింటు మీద ఉత్త ఇన్సులేషన్ టేపు తప్ప వేరే ఆధారం లేకపోవడంతో వారం తిరగకుండానే మళ్ళీ తెగింది. తీగ ఊడదీసి కొత్తది పెట్టుకునే వీలు ఆ హెడ్‌సెట్‌కు ఉండి ఉంటే నూటయాభై రూపాయలతో కథ ముగిసేది.

కొనేవారు మొదట అడగవలసినది అదే: తీగ ఊడి వస్తుందా, లేదా? ఊడి వచ్చినా సరిపోదు. రెండు చివరలా మామూలు మూడున్నర మిల్లీమీటర్ల పిన్నే ఉన్నదా, గుంత లోతుగా చేసి తమ తీగ తప్ప మరొకటి దూరకుండా గాడి పెట్టారా అన్నది దుకాణంలోనే చూడాలి. ఈ గాడి చాలా తెలివైన పన్నాగం. బజారులో దొరికే వంద తీగలలో ఒక్కటీ లోపలికి పోదు.

రెండవది 1,499 రూపాయలది. తీగ బాగానే ఉన్నది కానీ నాలుగో నెలలో తలపట్టీకి, చెవి గిన్నెకు మధ్య తిరిగే మడత దగ్గర పుటుక్కున విరిగింది. పైకి ఉక్కులా మెరిసే ఆ భాగం లోపల ప్లాస్టిక్. వెండి రంగు పూత మాత్రమే. మరలు కూడా ఆ ప్లాస్టిక్‌లోనికే బిగించారు, అందువల్ల తల మీద పెట్టుకునేటప్పుడు సాగదీసిన ప్రతిసారీ ఆ మరరంధ్రం చుట్టూ కనిపించని బీట పెరుగుతూ వచ్చింది. జిగురు రెండు రోజులు పట్టింది. మా ఊరు కొమ్ము పనికి పేరు పొందినదని మీ పాఠకులకు తెలిసే ఉంటుంది. మా వీధిలో కొమ్ముతో కొంగలూ రొయ్యలూ చెక్కే కళాకారుడు ఒకాయన దానిని చేతిలో తిప్పి చూసి, కొమ్ము బద్దను వేడి చేసి, మెత్తబడ్డాక ఆ వంపుకు సరిపోయేలా నొక్కి, చల్లారిన తరువాత రెండు చిన్న మేకులతో ఇరువైపులా బిగించి ఇచ్చారు. డబ్బు పుచ్చుకోలేదు. "ఇంత బరువు మోయవలసిన చోట ఇంత సన్నగా ఎవరు చేశారు బాబూ" అని మాత్రం అడిగారు.

ఆ కొమ్ము బద్ద నేటికీ చెక్కుచెదరలేదు. హెడ్‌సెట్‌ను అటక ఎక్కించినది చెవి కుషన్లు. తోలు అని అట్ట మీద రాసినది తోలు కాదు, గుడ్డ మీద పాలియురేథేన్ అనే ప్లాస్టిక్ పూత. గాలిలో తేమ, ఒంటి చెమట కలిసి ఆ పూతను లోపలి నుంచి విడగొడతాయి. వాడకుండా పెట్టెలో పెట్టినా ఆ పని ఆగదు. ఆరు నెలలు ఉక్కపోసే మా ప్రాంతంలో అది మరింత తొందరగా జరుగుతుంది. ఏడో నెలకు మనవడి చెవుల చుట్టూ నల్లని పొట్టు, మెడ మీద మసి పడినట్లు మరకలు. కొత్త కుషన్ల కోసం వెతికితే ఆ ఆకారానివి ఎక్కడా దొరకలేదు. గుడ్డ కుషన్లు ఉన్న రకం బయటి ఫ్యాను చప్పుడును అంతగా ఆపదు కానీ పొట్టు లేవదు, ఉతుక్కోవచ్చు. మా వైపు వాతావరణానికి నా ఓటు గుడ్డకే.

మూడవదాని సంగతి వేరు. తీగ ఉంటేనే కదా తెగేది అనుకొని 3,299 రూపాయలు పెట్టి తీగ లేనిది ఆన్‌లైన్‌లో తెప్పించాము. ఎనిమిదో నెలలో చార్జింగు పట్టడం మానింది. వారంటీ ఏడాది ఉన్నది కనుక నిశ్చింతగా ఫోను చేశాము. అవతలివారికి హిందీ, ఇంగ్లీషు తప్ప రావు, మనవడు మాట్లాడాడు. మీకు దగ్గరి సర్వీస్ సెంటరు విశాఖపట్నంలో ఉన్నది, తీసుకువెళ్ళండి అన్నారు. తెల్లవారుజామున బస్సెక్కి, శ్రీకాకుళంలో మారి, మధ్యాహ్నానికి చేరుకున్నాము. కౌంటరులో ఉన్న అమ్మాయి బిల్లు మీద పిన్‌కోడు చూసి, కంప్యూటరులో కొట్టి, "అంకుల్, ఇది ఒడిశా పిన్‌కోడు, మా సిస్టమ్ తీసుకోవడం లేదు, మీరు భువనేశ్వర్ వెళ్ళాలి" అన్నది. ఆ అమ్మాయి తప్పేమీ లేదు. మా పక్కనే ఉన్న పాతపట్నంలో మాకు తెలిసిన ఒక కుటుంబం అదే రకం హెడ్‌సెట్‌ను అదే సెంటరులో ఇచ్చి, పది రోజులలో కొత్తది తెచ్చుకున్నారు. వారి ఇల్లు ఆంధ్రలో ఉన్నది, మాది ఒడిశాలో ఉన్నది. మధ్యలో ఉన్నది ఆటోలో పోయే దూరం. ఒడిశా వేరుగా ఏర్పడినప్పుడు, 1936 ఏప్రిల్ 1న గీసిన గీత హెడ్‌సెట్ వారంటీకి కూడా అడ్డం పడుతుందని ఆనాటి పెద్దలు ఎవరూ ఊహించి ఉండరు.

భువనేశ్వర్‌కు సొంత ఖర్చుతో కొరియరు చేశాము. 24 రోజుల తరువాత, "బాహ్య నష్టం, వారంటీ వర్తించదు" అన్న చీటీతో అది అలాగే తిరిగి వచ్చింది. అప్పుడు విప్పాను. చార్జింగు పోర్టును బోర్డుకు పట్టి ఉంచవలసిన నాలుగు కాళ్ళలో రెండింటికి టంకం సరిగా అంటనే లేదు. భూతద్దం కింద ఆ కాళ్ళ చుట్టూ గుండ్రని నల్లని గీత స్పష్టంగా కనిపించింది. రోజూ కేబులు పెట్టి తీసే ఒత్తిడి అంతా మిగిలిన రెండు కాళ్ళ మీద పడి, అవి బోర్డు మీది రాగి పొరతో సహా లేచిపోయాయి. బాహ్య నష్టం అంటే ఇదేనేమో.

తీగ లేని రకాల గురించి మరొక్క మాట చెప్పి ఊరుకుంటాను. లిథియం బ్యాటరీ సాధారణంగా 300 నుంచి 500 పూర్తి చార్జింగుల తరువాత తన శక్తిలో ఐదో వంతు పోగొట్టుకుంటుంది. దానిని మార్చుకునే వీలు లేకుండా లోపల అతికించి అమ్మితే, ఆ హెడ్‌సెట్ ఆయుర్దాయం కొన్ననాడే రాసిపెట్టి ఉన్నట్లు. యూరోపియన్ యూనియన్ ఈ సంగతి గ్రహించి, 2027 ఫిబ్రవరి 18 నుంచి ఇటువంటి పరికరాలలో బ్యాటరీని వాడుకరి స్వయంగా తీసి మార్చుకోగలిగేలా ఉండాలని 2023లోనే నియమం చేసింది. కంప్యూటరుకు గుచ్చే చిన్న రిసీవరు పోతే చాలా రకాలలో హెడ్‌సెట్ మొత్తం వృథా అవుతుంది. అది విడిగా అమ్ముతారా అని కూడా ముందే అడగాలి.

ఇంతా చేసి నేను అడుగుతున్నది ఆకాశం నుంచి ఊడిపడే వస్తువేమీ కాదు. సెన్‌హైజర్ హెచ్‌డీ 25 అనే హెడ్‌ఫోన్ 1988 నుంచి బజారులో ఉన్నది. దాని తీగ, తలపట్టీ, కుషన్లు, స్పీకరు అన్నీ విడివిడిగా దొరుకుతాయి, మార్చుకోవచ్చు. బేయర్‌డైనమిక్ డీటీ 770 అంతకంటే పాతది, 1985 నాటిది, దానికీ విడిభాగాలు దొరుకుతాయి. వీటికి మైకు ఉండదు, ధర మా వంటి ఇళ్ళకు బరువే. ఆటల కోసమే చేసిన వాటిలోనూ హైపర్‌ఎక్స్ క్లౌడ్ ఆల్ఫాకు అల్యూమినియం చట్రం, ఊడి వచ్చే తీగ, ఊడి వచ్చే మైకు ఉన్నాయి. లాజిటెక్ జీ ప్రో ఎక్స్ పెట్టెలో తోలు వంటి కుషన్లతో పాటు గుడ్డ కుషన్లు కూడా పెట్టి ఇస్తారు. ఈ పేర్లు ఫలానాదే కొనమని చెప్పడానికి రాయలేదు. అలా చేయడం సాధ్యమేనని, చేసేవారు చేస్తున్నారని చెప్పడానికే రాశాను. అదే సమయంలో చుట్టూ ఎనిమిది స్పీకర్లు ఉన్నట్లు వినిపించే 7.1 శబ్దమని పెట్టె మీద పెద్ద అక్షరాలతో వేసే మాటకు ఎక్కువ ధర ఇవ్వనక్కరలేదు. చెవికి ఒక్కొక్కటి చొప్పున రెండే స్పీకర్లు ఉండి, మిగిలినది సాఫ్ట్‌వేరు చేసే గారడీ అయినప్పుడు, ఆ డబ్బును గట్టి మడతకు పెట్టడం మేలు.

దుకాణంలో నేను ఇప్పుడు చేసేది చూసి మనవడు సిగ్గుపడతాడు. హెడ్‌సెట్‌ను రెండు చేతులతో పట్టుకొని తలపట్టీని పూర్తిగా సాగదీస్తాను, మెల్లగా మెలిపెడతాను. కిర్రుమంటే అక్కడే పెట్టేస్తాను. కుషను అంచు కింద వేలు దూర్చి అది ఊడి వస్తుందేమో చూస్తాను. మరలు పైకి కనిపిస్తే సంతోషిస్తాను, ఎందుకంటే మర ఉన్నచోట విప్పే దారి ఉంటుంది. పిన్ను ఎల్ ఆకారంలో వంగి ఉంటే ల్యాప్‌టాప్ పక్కన తీగకు నలుగుడు తక్కువ. పెట్టె మీద దిగుమతిదారు చిరునామా, ఫిర్యాదులకు ఫోను నంబరు ఉన్నాయో లేదో చదువుతాను. 2011 నాటి తూనికలు కొలతల ప్యాకేజీ నిబంధనల ప్రకారం అవి ఉండి తీరాలి. ఆఖరున, మా పిన్‌కోడు చెప్పి, ఇది పాడైతే ఎక్కడ తీసుకుంటారని అడుగుతాను. ఈ చివరి ప్రశ్నకు ఇంతవరకూ ఏ దుకాణదారూ చూడకుండా సమాధానం చెప్పలేదు.

ఇంటి తప్పులు కూడా ఒప్పుకోవాలి. కుర్చీ చక్రం కింద తీగ పడి నలగడం, పిన్నును పట్టుకోకుండా తీగను పట్టి లాగడం, హెడ్‌సెట్‌ను తీగతోనే మేకుకు తగిలించడం మా ఇంట్లో జరిగినవే. బల్ల అంచు కింద ఒక కొక్కెం కొట్టి, తీగను క్లిప్పుతో బల్ల కాలికి పట్టించిన తరువాత ఆ బాధ తగ్గింది. మరొకటి, మైకు పనిచేయడం లేదని రిపేరుకు తెచ్చేవాటిలో కొన్ని అసలు పాడైనవే కావు. పాత కంప్యూటరుకు మైకుకు ఒకటి, చెవులకు ఒకటిగా రెండు రంధ్రాలుంటే, మూడు వలయాల ఒంటి పిన్నును రెండుగా చీల్చే చిన్న తీగ ముక్క కొంటే సరిపోతుంది.

ప్రభుత్వం ఏమీ చేయడం లేదని నేను అనడం లేదు. 2022 డిసెంబరు 24న కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రైట్ టు రిపేర్ (మరమ్మతు హక్కు) పోర్టల్‌ను ప్రారంభించింది. వస్తువును ఎంత సులువుగా విప్పవచ్చు, విడిభాగాలు ఎంత కాలంలో దొరుకుతాయి, మరమ్మతు వివరాలు బయటివారికి ఇస్తారా అన్నవాటిని బట్టి మార్కులు వేసే మరమ్మతు సూచీ కోసం వేసిన కమిటీ 2025 మే నెలలో తన నివేదిక ఇచ్చింది. మొదటి విడతలో స్మార్ట్‌ఫోన్లు, ట్యాబ్లెట్లే ఉన్నాయి. ఫోను కంటే తొందరగా చెత్తబుట్టలో పడే హెడ్‌సెట్లను రెండవ విడతలోనైనా చేర్చాలి, ఆ మార్కును పెట్టె మీద ధర పక్కనే అచ్చువేయించాలి.

వారంటీ నిరాకరించినవారు అక్కడితో ఆగిపోనక్కరలేదని కూడా మీ పాఠకులకు చెప్పాలి. నాకు ఆలస్యంగా తెలిసింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్నవారు తాము నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. కంపెనీ కార్యాలయం ఏ మహానగరంలో ఉన్నా సరే. ఐదు లక్షల రూపాయల లోపు విలువకు రుసుము లేదు. అంతకంటే ముందు జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915 నంబరుకు ఫోను చేస్తే తెలుగులోనూ, ఒడియాలోనూ వింటారు. విశాఖ పోయి, వచ్చి, భువనేశ్వర్ కొరియరుకు డబ్బు కట్టిన తరువాత ఈ నంబరు నా చేతికి వచ్చింది.

కనుక మీ సాంకేతిక పేజీ బాధ్యులకు నా మనవి ఇది. ఇకపై హెడ్‌సెట్ గురించి రాసేటప్పుడు దాని తీగ ఊడుతుందా, కుషన్లు విడిగా ఎంతకు దొరుకుతాయి, మడత లోహమా ప్లాస్టికా, బ్యాటరీ మార్చవచ్చా అన్న నాలుగు సంగతులు దీపాల రంగుల కంటే ముందు రాయించండి. వారంటీ అని రాసినప్పుడు, మీ పత్రిక చేరే పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వంటి ఊళ్ళ పిన్‌కోడులకు అది ఎక్కడ చెల్లుతుందో కంపెనీని అడిగి ఆ జవాబును కూడా అచ్చువేయండి. జవాబు ఇవ్వకపోతే ఇవ్వలేదని వేయండి. ఇప్పుడు మా ఇరుగుపొరుగు చాలామంది ఇటువంటి వస్తువులను పాతపట్నంలో ఉన్న చుట్టాల చిరునామాకు తెప్పించుకుంటున్నారు. మా నాలుగవ హెడ్‌సెట్ కూడా అక్కడి మా వియ్యంకుల ఇంటి పేరునే వచ్చింది. లోహపు మడత, ఊడి వచ్చే తీగ, గుడ్డ కుషన్లు ఉన్నది. 16 నెలలయింది, ఒకసారి కుషన్లు, ఒకసారి తీగ మార్చాము, పిన్ను దగ్గర వంచి చూస్తే శబ్దం తెగడం లేదు.

భవదీయుడు,
విశ్రాంత టెలిఫోన్ ఉద్యోగి,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.